పదమూడో నెల

అడిస్ అబాబాలో వాన ఇంకా వెలవలేదు.
అరత్ కిలో దగ్గర మూడో అంతస్తులో
చినుకు పడకుండా కిటికీకి సంచి అడ్డం పెట్టి కూర్చున్నాను.
ఎదురుగా తెర మీద క్యాలెండర్ పెట్టె.
ఎవరో ఎక్కడో చేసి, మెరుగు పెట్టి,
ఉచితంగా వదిలిన వస్తువు.
అందంగా ఉంది, కాదనను.
మూలలు గుండ్రం, నీడ మెత్తన,
వేలు పెడితే నెల పక్కకి జారుతుంది
నూనె రాసిన తలుపులా.

పన్నెండుసార్లు జారుతుంది.
తర్వాత మళ్లీ మొదటికొస్తుంది.

మాకు పదమూడు.
ముప్పయ్యేసి రోజుల నెలలు పన్నెండు,
చివర పాగుమే, ఐదంటే ఐదు రోజులు,
నాలుగేళ్లకోసారి ఆరు.
ఏడాది చిల్లర లెక్క తేల్చే నెల.
జీతం లెక్కలోకి రాని నెల.
పిల్లలు బట్టలు విప్పేసి
ఇది పుణ్యం వాన అని అరుస్తూ తడిసే నెల.

మొదట మర్యాదగా అడిగాను.
నెలల పేర్లు నేనిస్తాను, తీసుకో అన్నాను.
తీసుకుంది.
పన్నెండు చదివి పదమూడోది మింగేసింది,
ఒక్క ఎర్రగీత లేదు, ఒక్క కేక లేదు.
రంగు మార్చుకోనిస్తుంది,
అక్షరం లావు మార్చుకోనిస్తుంది,
గుండీలు ఏ రంగువి కావాలని
పదిసార్లు అడిగే దర్జీలాగ.
చొక్కాలో చెయ్యి పడుతోందా అని మాత్రం అడగదు.

లోపలికి దిగాను.
పొట్ట విప్పితే పొట్టలో ఇంకో పెట్టె,
దానికి తాళం, తాళం మీద ఇంకెవరిదో పేరు.
రెండు రాత్రులు తవ్వితే అట్టడుగున
ఒక్క అంకె. పన్నెండు.
గోడకి మేకు కొట్టినట్టు.
పగతో కొట్టింది కాదు, అదే నా ఏడుపు.
కొట్టినవాడికి సందేహమే రాలేదు.

ఉత్తరం రాశాను.
మంచి సూచన, వచ్చే విడతలో చూస్తామన్నారు.
వచ్చే విడత వచ్చింది.
నీడ ఇంకాస్త మెత్తబడింది.

అప్పుడు దెబ్రె బిర్హాన్ నుంచి ఫోను.
పురిటి ఆసుపత్రి నర్సు, వుబాలెం గారు.
"బాబూ, మీ పెట్టె బాగానే ఉంది గానీ
పాగుమే రెండున పుట్టిన పిల్లని ఎక్కడ పెట్టను?"
"పోయినేడు ఏం చేశారు?"
"నెహాసే ముప్పైలో వేశాను.
ఆ ఐదు రోజుల వాళ్లనీ అందులోనే."

ఆ రోజు తెరిచి చూశాను.
పంతొమ్మిది మంది
ఎనిమిది మంచాల ఆసుపత్రిలో
ఒకే పగలు ఒకే రాత్రి పుట్టారు.
అందరికీ జీవితాంతం ఒకే పుట్టినరోజు,
అబద్ధపుది. దాని కింద నా కంపెనీ పేరు.

"మరి అసలు తేదీలు?"
"గళ్ల నోటుబుక్కులో ఉన్నాయి.
రేపు తల్లి అడిగితే చెప్పాలి కదా.
మీ మిషనుకేం, దాన్నెవరూ అడగరు."

సొంతంగా రాసేయ్ అంది సెనైత్, కాఫీ చేతికిస్తూ.
మూడు వారాలు పడుతుందన్నాను.
గడువెప్పుడు అంది.
శుక్రవారం.
ఆమె నవ్వలేదు, తన కప్పు చల్లారేదాకా
అలాగే పక్కన నిలబడింది.

మా గడియారంలో రాత్రి మూడు,
ఆ పెట్టె గడియారంలో తొమ్మిది.
పెట్టె పీకేశాను.
పన్ను పోయిన చోట నాలుక ఆడినట్టు
చాలాసేపు చెయ్యి అక్కడే తిరిగింది.
ఆ ఖాళీలో మూడు ఉత్త గళ్లు గీశాను.
రోజు. నెల. ఏడు.
జారడాల్లేవు, నీడల్లేవు.
రాసుకోండి.

పొద్దున గెజాహెన్ గారు వంగి చూశారు.
"ఇదేంటయ్యా, కెబెలె ఆఫీసు దరఖాస్తులా ఉంది?"
అవునన్నాను.

ఇప్పుడు వుబాలెం గారు నోటుబుక్కు ముందేసుకుని
ఒక్కొక్కరినే సరిచేస్తున్నారు.
ఇక్కడ నా తెర మీద వరసలు మారుతున్నాయి.
పాగుమే రెండు. పాగుమే రెండు. పాగుమే నాలుగు.
పదకొండో పేరు దగ్గర ఆగింది.
వానకి లైను పోయినట్టుంది.

నెల గడిలో పద్నాలుగు కొట్టినా
ఊరుకుంటోంది ఈ కొత్తది.
అది రేపు చూస్తాను.